కుక్కలలో వంశపారంపర్య కీళ్ళ లోపాలు, కీళ్ళ అరుగుదల: ఎంపిక, మేపు, పెంపకం

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కదలివచ్చే పల్లెలలో ఒంగోలు జాతి ఎద్దును కొనే రైతు మొదట చూసేది దాని ఒంటి నిగారింపును కాదు, నడకను. ముందు కాలి గిట్ట పడిన చోటనే వెనుక కాలి గిట్ట పడుతున్నదా, మలుపులో నడుము ఊగుతున్నదా, పడుకున్నది లేచేటప్పుడు ఏ కాలికైనా బరువు తప్పిస్తున్నదా అని గమనిస్తాడు. పళ్ళు పట్టి వయస్సు తేలుస్తాడు. ఆపైన దాని తల్లి ఎవరింటిదో, ఏ ఆంబోతుకు పుట్టినదో అడుగుతాడు. ప్రభలను ఎడ్లు లాగిన రోజులు పోయి ట్రాక్టర్లు వచ్చినప్పటికీ, బండలాగుడు పోటీలకు ఎడ్లను కట్టేవారిలో ఈ విచారణ ఏమాత్రం తగ్గలేదు. అదే రైతు కుటుంబం నరసరావుపేటలోనో చిలకలూరిపేటలోనో ఇల్లు కట్టుకొని లాబ్రడార్ పిల్లనో, జర్మన్ షెపర్డ్ పిల్లనో కొనేటప్పుడు మాత్రం రంగు, తల పరిమాణం, ధర తప్ప మరొకటి అడగడం అరుదు. ఆ పిల్ల తల్లిదండ్రుల తుంటి కీళ్ళు ఎట్లున్నవన్న ప్రశ్న అమ్మేవారికి కూడా కొత్తగా తోస్తుంది.

సస్యశాస్త్ర విభాగం నుండి కుక్కల కీళ్ళను గురించిన వ్యాసమేమిటని పాఠకులు అనుకోవచ్చును. చికిత్స పశువైద్యులది, అందులో ఈ వ్యాసం జోక్యం చేసుకోదు. అయితే వ్యాధి మూలంలో ఉన్న ప్రశ్న మన విద్యార్థులు మొక్కల ప్రజననంలో రోజూ చదివేదే: ఒక లక్షణంలో జన్యువుల వాటా ఎంత, పరిసరం వాటా ఎంత, ఎంపిక ద్వారా దానిని ఎంతవరకు మార్చవచ్చును? పైగా గ్రామాలలో, పొలాల కాపలాలో పెద్దజాతి కుక్కల పెంపకం పెరిగినందున కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు ఇటువంటి ప్రశ్నలు ఎదురు కాక తప్పదు.

తుంటి కీలులో ఏమి జరుగుతుంది

తుంటి కీలు గిన్నెలో బంతి అమరినట్లుండే నిర్మాణం. కటి ఎముకలో గిన్నె, తొడ ఎముక పైకొన బంతి. రెండింటినీ ఒక లిగమెంటు, చుట్టూ ఒక తిత్తి, వాటిపై కండరాలు పట్టి ఉంచుతాయి. హిప్ డిస్‌ప్లేషియా అనే లోపం సంక్రమించిన పిల్ల కూడా పుట్టినప్పుడు దాదాపు సరైన కీళ్ళతోనే పుడుతుంది. ఇది చాలామంది గ్రహించని విషయం. లోపం మొదటి వారాలలో సడలింపుగా ప్రారంభమవుతుంది. ఎముక వేగంగా పెరుగుతూ, కండరం, తిత్తి దానితో సమానంగా బలపడనప్పుడు బంతి గిన్నెలో నిలకడగా కూర్చోదు. పెరిగే వయస్సులో ఎముక మెత్తనిది. దానిపై పడే బరువును బట్టి ఆకారం మార్చుకుంటుంది. బంతి అంచుపై ఒత్తిడి పెట్టగా పెట్టగా గిన్నె లోతు తగ్గి, బంతి గుండ్రదనం పోతుంది. మృదులాస్థి నలిగి, కీలు ద్రవం పలుచబడి, అంచులలో కొత్త ఎముక మొలుస్తుంది. ఈ చివరి దశనే మనం కీళ్ళ అరుగుదల, అనగా ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటున్నాము. కుక్కలలో అరుగుదల ముసలితనం వలన మాత్రమే వచ్చేది కాదు. ఎక్కువ సందర్భాలలో అది బాల్యంలోని నిర్మాణ లోపానికి తరువాతి దశ.

నాలుగు నెలలు మొదలుకొని ఏడాది లోపు పిల్లలో వెనుక కాళ్ళు రెండూ కలిపి కుందేలు వలె గెంతడం, మెట్లు ఎక్కడానికి వెనుకాడటం, లేచేటప్పుడు ముందు కాళ్ళపై భారం మోపి శరీరాన్ని ఈడ్చుకోవడం కనిపిస్తాయి. ఆ తరువాత తిత్తి మందమై కీలు కొంత స్థిరపడటంతో కుంటు తగ్గినట్లు తోస్తుంది. యజమాని 'పెరిగితే పోయింది' అనుకుంటాడు. ఇదే అన్నిటికన్నా మోసపుచ్చే దశ. ఐదారేళ్ళ తరువాత తిరిగి వచ్చే కుంటు అరుగుదల వలన వచ్చినది, దానిని వెనుకకు మళ్ళించలేము.

ఈ లోపాన్ని 1935లో అమెరికాలో ష్నెల్లే మొదట వర్ణించాడు. పెద్దజాతులలో ఎక్కువ, గ్రేహౌండ్ వంటి పరుగు జాతులలో అత్యల్పం. గ్రేహౌండ్ కటి భాగంలో కండరం పాలు అధికంగా ఉండటం గమనార్హం. వేగంగా బరువు పెరిగే పెద్ద శరీరానికి, బలహీనమైన కండరానికి మధ్య ఉన్న ఎడమే ఈ వ్యాధికి చోటు అని దీనిని బట్టి అర్థమవుతుంది. మోచేతి కీలు లోపం కూడా ఇటువంటిదే. ముందు కాలి కుంటుగా లాబ్రడార్, రాట్‌వీలర్ జాతులలో కనిపిస్తుంది.

ఒక జన్యువు కథ, అనేక జన్యువుల కథ

1966లో విడుదలైన ఐఆర్ 8 వరి పొట్టిదనం ప్రధానంగా ఒకే జన్యువు ఫలితమని మన విద్యార్థులకు తెలుసు. కుక్కలలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. డాక్స్‌హుండ్ పొట్టి కాళ్ళకు ఎఫ్‌జీఎఫ్ 4 అనే జన్యువు అదనపు ప్రతి కారణమని 2009లో తేలింది. అటువంటి లక్షణాన్ని ఒక జన్యు పరీక్షతో పట్టవచ్చును. తుంటి కీలు లోపం అట్లా కాదు. అది వరి పొట్టిదనం వంటిది కాదు, వరి దిగుబడి వంటిది. అనేక జన్యువులు, ఒక్కొక్కటి కొద్దికొద్దిగా పనిచేసి, పైన మేపు, నేల, వ్యాయామం చేరి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. కనుకనే ఒక్క రక్త పరీక్షతో 'ఈ కుక్కకు లోపం లేదు' అని తేల్చి చెప్పే వీలు లేదు. కనుకనే మంచి కీళ్ళున్న తల్లిదండ్రులకు కూడా లోపమున్న పిల్లలు పుడతాయి. దానిని చూసి 'ఇది వంశపారంపర్యం కాదు' అని వాదించేవారు అనువంశికత అర్థాన్ని పట్టుకోలేదని చెప్పక తప్పదు.

వివిధ జాతులలో ఈ లోపపు అనువంశికత సాధారణంగా 0.2 నుండి 0.6 వరకు లెక్కకు వచ్చింది. దీని ప్రయోగాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. బ్రిటన్‌లో 1965 నుండి నడుస్తున్న ఎక్స్‌రే పథకంలో రెండు తుంటి కీళ్ళకు కలిపి 0 నుండి 106 వరకు మార్కులు వేస్తారు; మార్కులు తక్కువైన కొద్దీ కీలు మంచిది. ఒక మందలో సగటు 20 అనుకుందాం. 8 సగటున్న తల్లిదండ్రులను మాత్రమే ఎన్నుకుంటే ఎంపిక వ్యత్యాసం 12. అనువంశికత 0.3 అయితే తరువాతి తరంలో ఆశించదగిన మార్పు 12 ను 0.3 తో గుణించగా 3.6. అనగా పిల్లల సగటు సుమారు 16.4 అవుతుంది, 8 కాదు. ఒక తరంతో నిరాశపడినవాడు ఎంపికను వదిలేస్తాడు; నాలుగైదు తరాలు పట్టుదలతో చేసినవాడు ఫలితం చూస్తాడు.

చేసి చూపినవారున్నారు. అంధులకు దారి చూపే కుక్కలను పెంచే అమెరికా సంస్థ సీయింగ్ ఐ తన మందలో ఎంపికను క్రమబద్ధంగా పాటించగా, ఐదు తరాల లోపే జర్మన్ షెపర్డ్ కుక్కలలో తుంటి లోపం 55 శాతం నుండి 24 శాతానికి, లాబ్రడార్ కుక్కలలో 30 నుండి 10 శాతానికి తగ్గినట్లు 1997లో వెల్లడైంది. వారు కేవలం కుక్క సొంత ఎక్స్‌రేను కాక బంధువుల సమాచారాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కిటుకు ఇక్కడే ఉంది. అనువంశికత 0.3 ఉన్న లక్షణంలో ఒక మగ కుక్క సొంత ఎక్స్‌రే దాని జన్యు విలువను అంచనా వేసే ఖచ్చితత్వం సుమారు 0.55. వేర్వేరు తల్లులకు పుట్టిన 20 పిల్లల ఎక్స్‌రేలు చూస్తే అది సుమారు 0.79 కు పెరుగుతుంది. ఆంబోతును దూడలను చూసి బేరీజు వేయమని మన పెద్దలు చెప్పిన మాట ఇదే. పుస్తకాలలో దీనిని సంతాన పరీక్ష అంటాము. గుంటూరు సమీపాన లాం పశు పరిశోధనా స్థానంలో ఒంగోలు జాతి పరిరక్షణకు, సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెలోర్‌గా స్థిరపడిన అదే జాతి అభివృద్ధికి ఆధారం రికార్డులే. కుక్కల విషయంలో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2014 నుండి తుంటి, మోచేతి కీళ్ళకు అంచనా ప్రజనన విలువలను ప్రకటిస్తున్నది.

మన దేశంలో చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రం వంశావళిని తెలుపుతుంది. అది కీళ్ళ ఆరోగ్య ధ్రువపత్రం కాదు. ఈ రెండింటినీ కలిపి చూపి పిల్లను ఎక్కువ ధరకు అమ్మడం మామూలైంది. కొనేవారు అడగవలసింది వంశావళి కాగితంతో పాటు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు. మత్తు ఇచ్చి, వెల్లకిల పడుకోబెట్టి, వెనుక కాళ్ళు చాచి తీసిన ఎక్స్‌రేనే లెక్కకు వస్తుంది. అమెరికాలో 1966లో ఏర్పడిన ఓఎఫ్ఏ సంస్థ రెండేళ్ళు నిండిన కుక్కలకే తుది శ్రేణి ఇస్తుంది. కీలు సడలింపును కొలిచే పెన్‌హిప్ పద్ధతిలో 16 వారాల పిల్లను కూడా పరీక్షించవచ్చును. అందులో 0.3 కన్నా తక్కువ సూచిక వచ్చిన కీలులో అరుగుదల రావడం అరుదు.

వంశం అనుకున్నది నీరు కావచ్చును

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒకే ఇంటిలో, ఒకే ఊరిలో కనిపించేదంతా వంశపారంపర్యం కాదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలో, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతపు పల్లెలలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను పరిశీలించి దానికి మూలం తాగునీటిలోని ఫ్లోరైడు అని తెలిపారు. నల్గొండ జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లలపై హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 1970వ దశకంలో చేసిన పని కూడా ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకోదగినది. తండ్రికి, కొడుకుకు, చివరకు దొడ్డిలోని పశువుకు కూడా నడక చెడితే చూసేవారికి అది వంశదోషంగానే తోస్తుంది. వారంతా ఒకే బావి నీరు తాగుతున్నారన్న సంగతి మరుగున పడుతుంది. పల్నాడులోనూ బొల్లాపల్లి, వినుకొండ వైపు ఫ్లోరైడు సమస్య ఉన్నందున కుంటు పరీక్షలో నీటి విచారణ మరువరాదు.

ఒకే ఈత పిల్లల విషయంలోనూ ఇదే చిక్కు. అవి జన్యువులనే కాదు, తల్లి పాలను, గచ్చును, గిన్నెను కూడా పంచుకుంటాయి. ఎముక లేని మాంసం, అన్నం మాత్రమే పెట్టి పెంచిన పిల్లలలో కాల్షియం తక్కువై, భాస్వరం ఎక్కువై ఎముకలు పలుచబడి కాళ్ళు వంగుతాయి. ఈత మొత్తం అట్లా ఉంటే జాతి దోషమని నింద మోపడం తేలిక, మేపు సరిదిద్దడం దానికన్నా తేలిక.

మేపు వాటా

పరిసరం వాటా ఎంతటిదో చూపిన పరిశోధన ఒకటి విద్యార్థులు తప్పక చదవదగినది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను ఈతలను బట్టి జతలుగా విడదీసి, ఎనిమిది వారాల వయస్సు నుండి ప్రతి జతలో ఒకదానికి రెండవదాని కన్నా 25 శాతం తక్కువ మేత ఇచ్చారు. మేత అదే, పరిమాణమే వేరు. ఐదేళ్ళ వయస్సులో బాగా తిన్న కుక్కలలో 52 శాతానికి తుంటి అరుగుదల కనిపించగా, తక్కువ తిన్నవాటిలో 13 శాతానికే కనిపించింది. సగం కుక్కలకు అరుగుదల కోసం దీర్ఘకాలిక మందు అవసరమైన వయస్సు మొదటి గుంపులో 10.3 ఏళ్ళు, రెండవ గుంపులో 13.3 ఏళ్ళు. మధ్యస్థ ఆయుష్షు 11.2 నుండి 13.0 ఏళ్ళకు పెరిగింది. క్షేత్ర ప్రయోగాలలో జత ప్లాట్లు ఎందుకు వేస్తామో బోధించడానికి కూడా ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించదు. జన్యువులు దాదాపు సమానం, తేడా గిన్నెలోనిది. ఇంతటి ఫలితం ఇచ్చే మందు ఇప్పటికి అంగడిలో లేదు, ఈ పద్ధతికి ఖర్చు అసలే లేదు.

కానీ మన ఇళ్ళలో బొద్దుగా ఉన్న పిల్లే ఆరోగ్యానికి గుర్తు. బొద్దుదనాన్ని మెచ్చుకొనేవారే కాల్షియం టానిక్కు కూడా పోస్తారు. ఇది పూర్తిగా మానవలసిన అలవాటు. చిన్న పిల్ల పేగులు అధిక కాల్షియాన్ని వదిలివేయలేవు, లోనికి పీల్చుకుంటాయి. గ్రేట్ డేన్ పిల్లలకు అధిక కాల్షియం పెట్టిన ప్రయోగాలలో మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడి కీళ్ళు దెబ్బతిన్నాయి. పెద్దజాతి పిల్లలకు ఉద్దేశించిన సమతుల మేతను కొలిచి పెట్టేవారు పైన ఏదీ కలపనక్కరలేదు. ఇంటి వంట పెట్టేవారు పశువైద్యుని సలహాతో కాల్షియం, భాస్వరం నిష్పత్తిని ఒకటికి ఒకటి కన్నా కొంచెం ఎక్కువగా ఉండేట్లు చూసుకోవాలి. పక్కటెముకలు కంటికి పొడుచుకొని కనిపించకుండా, చేతితో తడిమితే తెలిసేట్లు ఉండటం సరైన ఒడ్డు. తూకం యంత్రం లేనివారికి ఇదే కొలత.

నేల కూడా ముఖ్యమే. నార్వేలో నాలుగు పెద్దజాతులపై జరిగిన పరిశీలనలో మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కిన పిల్లలలో తుంటి లోపం ఎక్కువగాను, మెత్తని, కొద్దిగా ఎగుడుదిగుడైన నేలపై స్వేచ్ఛగా తిరిగినవాటిలో తక్కువగాను ఉన్నట్లు 2012లో తెలిసింది. మాచర్ల వైపు నాపరాళ్ళ గచ్చుపై కుక్క గోళ్ళకు కొంత పట్టు దొరికేది. ఇప్పుడు వేస్తున్న నున్నని టైల్సుపై పిల్ల నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారుతుంది. గోనె పట్టాలు పరచి, పిల్లను పొలం గట్టున, ఇసుక నేలన తిప్పడం పల్లెవాసులకు కష్టమైన పని కాదు. ఈ విషయంలో పట్నపు మేడలకన్నా పల్నాడు పొలాలే మేలు. వృషణాలు, అండాశయాలు తొలగించే శస్త్రచికిత్స పెద్దజాతులలో ఏడాది లోపు చేయడం కీళ్ళ లోపాలను పెంచవచ్చునని గోల్డెన్ రిట్రీవర్ కుక్కలపై 2013 నాటి కాలిఫోర్నియా పరిశీలన తెలుపుతున్నది. వయస్సు నిర్ణయం పశువైద్యునితో చర్చించి చేయాలి.

మోకాలి చిప్ప: ఎద్దులో, కుక్కలో

పామరేనియన్ వంటి చిన్న జాతులలో తుంటి కన్నా మోకాలి చిప్ప జారడం ఎక్కువ. నడుస్తూ నడుస్తూ రెండడుగులు ఒక కాలు ఎత్తి గెంతి, మరల ఏమీ జరగనట్లు నడుస్తుంది. చిప్ప గాడి తప్పి లోపలి వైపుకు జారి, తిరిగి గాడిలో పడటమే కారణం. తీవ్రతను నాలుగు శ్రేణులుగా లెక్కిస్తారు. మన రైతులకు దీనికి దగ్గరి సంగతి ఒకటి పరిచయమే. ఎద్దులలో, గేదెలలో మోకాలి చిప్ప పైకి ఎక్కి చిక్కుకొని, వెనుక కాలు కర్రలా చాచుకొని నేలపై ఈడ్చుకుంటుంది. పశువైద్యుడు లోపలి లిగమెంటును కోయగా కొద్ది నిమిషాలలోనే పశువు మామూలుగా నడుస్తుంది.

శస్త్రచికిత్స ఇంత చక్కగా ఫలించడంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. కాలి ఎముకల అమరిక కొంతవరకు సంక్రమించేదే. కోత కాలును బాగుచేస్తుంది, బీజాన్ని కాదు. బాగుపడిన గేదెను చూడి కట్టించినట్లే, చిప్ప సరిచేయించిన పామరేనియన్ మగ కుక్కను ఊరంతా దాటింపుకు తీసుకుపోతారు. లోపం కంటికి కనపడకుండా పోయి పిల్లలలో తేలుతుంది. తుంటి కీలు మార్పిడి చేయించిన కుక్కకైనా ఇదే నియమం. చికిత్స చేయించాలి, ప్రజననం నుండి తప్పించాలి. ఒక మగ కుక్క ఏటా పదుల సంఖ్యలో పిల్లలకు తండ్రి కాగలదు కనుక మగవాటి విషయంలో ఈ కట్టుబాటు మరింత ముఖ్యం.

అరుగుదల వచ్చిన తరువాత

వచ్చిన అరుగుదలను పోగొట్టలేము, నొప్పిని తగ్గించగలము. బరువు తగ్గించడం మొదటిది. స్థూలకాయమున్న కుక్కలలో శరీర బరువు పదో వంతుకు కొంచెం పైన తగ్గినా కుంటు స్పష్టంగా తగ్గుతుంది. రోజుకు ఒకసారి దూరం పరుగెత్తించడం కన్నా రెండు మూడు సార్లు కొద్ది దూరం నడిపించడం మేలు. చెరువులో ఈత ఇంకా మేలు, ఎందుకంటే నీరు బరువును మోస్తూ కండరానికి పని పెడుతుంది. చేపనూనెలోని ఒమేగా కొవ్వు ఆమ్లాలకు కొంత ఆధారం ఉంది. గ్లూకోసమిన్ మాత్రలకు ప్రచారం ఉన్నంత బలమైన ఆధారం లేదు. నొప్పికి మెలాక్సికమ్, కార్‌ప్రొఫెన్ వంటి మందులు పశువైద్యుడు కాలేయం, మూత్రపిండాలను పరీక్షించి, బరువును బట్టి నిర్ణయించిన మోతాదులోనే ఇవ్వాలి.

ఇంట్లో మనుషుల కోసం ఉన్న ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ బిళ్ళలను కుక్కకు వేయడం పల్లెలలో కనిపిస్తున్నది. మొదటి రెండు కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను చెడగొడతాయి, మూడవది మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. డైక్లోఫెనాక్‌ను పశువులలో వాడటం మన దేశంలో 2006లోనే నిషేధించారు. మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు నశించినందున ఆ నిర్ణయం జరిగింది.

విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామ సందర్శనలో ఇట్టి కుక్కను చూసినప్పుడు కుంటు మొదలైన వయస్సు, తల్లిదండ్రులలోను, అదే ఈత పిల్లలలోను కుంటు ఉన్నదా లేదా, మొదటి ఏడాది మేపు, టానిక్కుల వివరం, గచ్చు రకం, తాగునీటి వనరు నమోదు చేసి దగ్గరి పశువైద్యశాలకు పంపాలి. కుక్కల ప్రజననం, విక్రయంపై 2017లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి, రికార్డులు ఉంచాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఆ రికార్డులో తల్లిదండ్రుల ఎక్స్‌రే తేదీ, శ్రేణి అనే రెండు గడులను కూడా చేర్చమని పెంపకందారును కోరడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.